'పాలు పడలేదు' అన్న రాత్రి

కూతురికి నొప్పులు రాత్రి భోజనాల తర్వాత మొదలయ్యాయి. తల్లి మొదట వాయువనుకుంది. వాము నమిలించింది, నడుముకు ఆముదం రాసి కాపడం పెట్టింది. పదకొండింటికి ఉమ్మనీరు పోయేసరికి ఇంట్లో లైట్లన్నీ వెలిగాయి. మిరప కోతల రోజులు. తెల్లారితే చేలకు పోవాల్సిన ఇరుగుపొరుగు ఆడవాళ్ళు నిద్రలేచి వచ్చారు. ఒకామె 108కు ఫోను చేసింది. ఇంకొకామె పాత నూలు చీరలు వెతికి మూట కట్టింది.

ఏడో నెలలో పుట్టింటికి తీసుకొచ్చిన పిల్ల. సీమంతానికి తొడిగిన గాజులు ఇంకా చేతుల నిండా ఉన్నాయి. డాక్టరు రాసిచ్చిన తేదీకి ఇంకా తొమ్మిది వారాలుంది.

అంబులెన్సు నడికుడి వదిలి దాచేపల్లి దగ్గర పెద్దరోడ్డు ఎక్కింది. సిమెంటు లారీలను దాటుకుంటూ పిడుగురాళ్ళ, సత్తెనపల్లి, ఆపైన గుంటూరు. దారి పొడుగునా తల్లి వేళ్ళ మీద నెలలు లెక్కపెడుతూనే ఉంది. "ఎనిమిదో నెల పడి వారం కూడా కాలేదయ్యా. ఏడులో అయినా బతికేది. ఎనిమిదిలో..." అని ఆగిపోయింది. కూతురు వింటోందని గుర్తొచ్చింది.

ఏడో నెల బిడ్డ బతుకుతుంది, ఎనిమిదో నెల బిడ్డ దక్కదు అన్న మాట తెలుగునాట వినని ఊరుండదు. అది తప్పు. కడుపులో గడిచిన ప్రతి వారమూ బిడ్డకు బలమే. ఏడు కంటే ఎనిమిది మేలు, ఎనిమిది కంటే తొమ్మిది మేలు. ఇంత సూటిగా ఎందుకు చెబుతున్నానంటే, ఈ నమ్మకం వల్ల ఎనిమిదో నెల బిడ్డను చూసిన ఇల్లు ముందే చేతులు దించేస్తుంది. దించేసిన చేతులతో పాలు పిండటం, రాత్రంతా గుండెల మీద మోయటం సాగవు.

ఈ గాథలో తల్లికీ కూతురికీ పేర్లు లేవు. పల్నాటి ఊళ్ళ నుంచి గుంటూరుకో హైదరాబాదుకో నెలలు నిండని బిడ్డతో జరిగే ప్రయాణాల తీరు మీద అల్లిన మనుషులు వీళ్ళు. ముందుముందు కనిపించే వైద్యుల పేర్లు, ఆసుపత్రులు, సంవత్సరాలు, అంకెలు మాత్రం ఉన్నవి ఉన్నట్టు ఇచ్చినవే. 2020లో మన దేశంలో దాదాపు 30 లక్షల మంది బిడ్డలు నెలలు నిండకముందే పుట్టారని అంచనా. ప్రపంచంలో ఏ దేశంలోనూ ఇంతమంది లేరు. కాబట్టి ఈ అంబులెన్సు ఒక్క నడికుడి అంబులెన్సే కాదు.

గుంటూరులో దిగగానే బిడ్డ ఊపిరితిత్తులు పక్వానికి వచ్చేందుకు కూతురికి స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేశారు. కాన్పు రేపటిదాకా ఆగుతుందేమో అనుకున్నారు. ఆగలేదు. తెల్లవారుజామున ఆడపిల్ల పుట్టింది. బరువు పద్నాలుగు వందల గ్రాములకు లోపు. ఏడుపు పిల్లికూన కూతంత. నర్సు గుడ్డలో చుట్టి ఒక్క క్షణం చూపించి, లోపలికి తీసుకుపోయింది. "బాక్సులో పెట్టారు" అన్నారు బయట ఉన్నవాళ్ళు. మన జిల్లాల్లో ఆ ఒక్క మాటలో వార్మరు, ఆక్సిజను, ముక్కు గొట్టం, సెలైను అన్నీ వచ్చేస్తాయి.

పొద్దెక్కింది. బాలింత వార్డులో పక్క మంచాల మీద పిల్లలు చప్పరిస్తున్న చప్పుడు. కూతురి పక్కన మాత్రం బిడ్డ లేదు. ఎవరో చుట్టాలామె వచ్చి రొమ్ము నొక్కి చూసింది. "పాలు పడలేదే. నెలలు నిండందే పాలెట్టా వొస్తయ్?" అని తీర్పు చెప్పేసింది. అల్లుడు అప్పుడే దిగాడు. "అబ్బాయ్, మెడికల్ షాపులో పాలడబ్బా పట్టుకురా. బిడ్డ ఆకలికి తట్టుకోలేదు" అన్నారు. అతను చెప్పుల్లో కాళ్ళు పెట్టాడు.

సరిగ్గా ఇక్కడ, ఈ కాస్త సమయంలో, చాలామంది బిడ్డల దారి మారిపోతుంది. ఎవరూ చెడ్డవాళ్ళు కాదు. అందరికీ బిడ్డ మీద ప్రేమే. కానీ మొదటి రోజు రొమ్ములో పాలు పొంగకపోవటం ఏ తల్లికైనా సహజం. కాన్పై మావి బయటికి వచ్చాక ఒంట్లో ఒక హార్మోను తగ్గుతుంది, అప్పుడే పాలు నిండుగా దిగటం మొదలవుతుంది. దానికి రెండు మూడు రోజులు పడుతుంది, నెలలు నిండని కాన్పులో ఇంకొంచెం ఎక్కువే పట్టొచ్చు. ఆలోగా వచ్చేవి చిక్కటి పసుపు చుక్కలు, ముర్రుపాలు. చుక్కలే కదా అని వదిలేస్తే, రొమ్ముకు అడిగేవాళ్ళు లేరని తెలిసిపోతుంది. నెలలు నిండిన బిడ్డయితే తానే చీకి అడుగుతుంది. ఈ బిడ్డకు చీకటమూ మింగటమూ ఊపిరి తీయటమూ ఒక వరసలో పెట్టుకోవటం దాదాపు 34 వారాలకు గానీ రాదు. అప్పటిదాకా బిడ్డ తరఫున అడగాల్సింది తల్లి చేతులే.

నర్సు వచ్చింది. చేతిలో మరిగించి ఆరబెట్టిన చిన్న గిన్నె.

"లేమ్మా, కూర్చో. చేతులు కడుక్కో. పాలు పిండుదాం."

"పడలేదన్నారు సిస్టర్."

"ఎవరన్నారు? నీ బిడ్డకి ఇప్పుడు కావాల్సింది గ్లాసుడా? రెండు గంటలకోసారి రెండు మిల్లీలీటర్లు. వచ్చినకాడికి ఇయ్యి."

నల్లటి చోటుకు కాస్త వెనకగా బొటనవేలూ చూపుడువేలూ ఆన్చి, లోపలికి నొక్కి, ముందుకు నొక్కటం. మళ్ళీ. చోటు మార్చి మళ్ళీ. పావుగంటకు గిన్నె అడుగున పసుపుచుక్కలు మెరిశాయి. కూతురు వాటిని చూసి ఏడ్చింది. "ఇంతేనా" అని ఏడ్చింది. నర్సు ఆ గిన్నెను రెండు చేతులతో పట్టుకుపోయి, ముందు రెండు చుక్కలు బిడ్డ బుగ్గల లోపల రాసింది. తక్కినవి గొట్టంలోంచి కడుపులోకి.

కూతురి పక్కనున్న తల్లికి అప్పుడు అర్థమైంది. ఎండాకాలం నాగులేటి ఇసుకలో చెలమ తీసిన మనిషి ఆమె. తోడిన కొద్దీ ఊరే నీళ్ళు, తోడకపోతే ఎండే నీళ్ళు ఆమెకు తెలుసు. "అబ్బాయ్, డబ్బా వద్దులే, తిరిగిరా" అని ఫోను చేయించింది.

ఆ డబ్బా తెస్తే ఏమవుతుందన్న ప్రశ్నకు జవాబు ఇంగ్లండులో దొరికింది. 1982 నుంచి 1985 దాకా కేంబ్రిడ్జి, ఇప్స్‌విచ్, కింగ్స్ లిన్, నారిచ్, షెఫీల్డ్ అనే అయిదు ఊళ్ళ ఆసుపత్రుల్లో అలన్ లూకస్ అనే పిల్లల వైద్యుడు, ఆయన బృందం 926 మంది తక్కువ బరువు బిడ్డలను గమనించారు. నెలలు నిండని బిడ్డలకు పేగు వాచి, కుళ్ళి, చిల్లులు పడే ఒక ఘోరమైన జబ్బు ఉంది. పిల్లల వార్డుల్లో దాన్ని ఎన్‌ఈసీ అంటారు. పొద్దున బాగున్న బిడ్డ సాయంత్రానికి పొట్ట ఉబ్బి నల్లబడుతుంది. 1990లో అచ్చయిన వాళ్ళ లెక్కలో, డబ్బాపాలు మాత్రమే తాగినవాళ్ళలో ఈ జబ్బు తల్లిపాలు మాత్రమే తాగినవాళ్ళ కంటే 6 నుంచి 10 రెట్లు ఎక్కువగా వచ్చింది.

రెండేళ్ళ తర్వాత అదే బృందం ఇంకో మాట బయటపెట్టింది. ఆ పిల్లల్లో 300 మందిని ఏడున్నర, ఎనిమిదేళ్ళ వయసులో కూర్చోబెట్టి తెలివితేటల పరీక్ష పెట్టారు. పుట్టిన తొలి వారాల్లో తల్లిపాలు అందినవాళ్ళకు, అందనివాళ్ళ కంటే సగటున 8.3 పాయింట్లు ఎక్కువొచ్చాయి. తల్లి చదువునూ ఇంటి స్థితినీ లెక్కలోంచి తీసేశాక మిగిలిన తేడా అది. ఈ పిల్లలందరికీ పాలు అందింది గొట్టంలోంచే. కాబట్టి రొమ్ము పట్టించే దగ్గరితనం వల్ల వచ్చిన తేడా అనటానికి లేదు. ఇంకొకటి నన్ను చాలాసేపు ఆపేసింది. పాలివ్వాలని కోరుకుని, ప్రయత్నించి, పాలు రాక ఇవ్వలేకపోయిన తల్లుల పిల్లలకు వచ్చిన మార్కులు, అసలు ఇవ్వదలచుకోని తల్లుల పిల్లల మార్కులతో సమానంగానే ఉన్నాయి. శ్రద్ధ గల తల్లి కాబట్టి పిల్ల తెలివైందన్న వాదన ఇక్కడ బలహీనపడుతుంది. పాలిచ్చిన తల్లికీ, ఇవ్వాలనుకుని ఇవ్వలేకపోయిన తల్లికీ శ్రద్ధ ఉంది, పాలు ఒకరి బిడ్డకే అందాయి.

అప్పటి నుంచీ ఈ ప్రశ్న మీద వాదోపవాదాలు ఆగలేదు. ఆగకూడదు కూడా, ఎందుకంటే తల్లులను చీట్లు వేసి రెండు గుంపులుగా విడదీసి ఒక గుంపును పాలివ్వొద్దనే హక్కు ఎవరికీ లేదు, అందుచేత పక్కా రుజువు ఎప్పటికీ కష్టమే. కానీ ఆధారాలు ఒకే దిక్కు చూపిస్తున్నాయి. ఆస్ట్రేలియాలో 180 మంది బాగా ముందుగా పుట్టిన పిల్లల మీద మాండీ బెల్ఫోర్ట్ బృందం 2016లో వెలువరించిన పరిశోధనలో, మొదటి 28 రోజుల్లో సగానికి మించి తల్లిపాలు అందిన రోజులు పెరిగేకొద్దీ మెదడు లోపలి కీలకమైన భాగాలు పెద్దగా కనిపించాయి, ఏడేళ్ళకు తెలివితేటల పరీక్షలోనూ ముందున్నారు. 34 వారాలప్పుడు బిడ్డ మెదడు బరువు, నెలలు నిండాక ఉండాల్సిన దానిలో 65 శాతమే. మిగిలింది కట్టాల్సిన సమయంలో ఈ బిడ్డ కడుపులో లేదు, వార్మరు కింద ఉంది. ఆ పనికి సరుకు ఈ గిన్నెలోంచే రావాలి. నెలలు నిండకుండా కన్న తల్లి పాలలో మొదటి వారాల్లో మాంసకృత్తులూ రోగాన్ని అడ్డుకునే పదార్థాలూ మామూలు కంటే ఎక్కువ ఉంటాయి. ముందే వచ్చిన బిడ్డ కోసం ఒళ్ళు ముందే సర్దుకుంటుంది.

మొదటి రోజు చుక్కలు, రెండో రోజు గిన్నె అడుగు నిండింది. మూడో రోజు రాత్రి రొమ్ములు రాళ్ళలా గట్టిపడి జ్వరం వచ్చినంత పనైంది. అప్పుడు పాలు దిగాయి. రోజుకు ఎనిమిది సార్లు, రాత్రి రెండింటికీ లేచి.

ఈ లేవటం ఎవరి వల్ల సాధ్యమైందో చెప్పకపోతే కథ సగమే. పిల్ల పాలు పిండుతుంటే తల్లి గిన్నెలు మరిగించింది. అల్లుడు క్యాంటీన్ నుంచి వేడినీళ్ళు మోశాడు. బాలింతకు మంచినీళ్ళు ఎక్కువ ఇవ్వకూడదనీ పప్పూ కూరగాయా పెట్టకూడదనీ పథ్యం చెప్పటానికి వచ్చిన పెద్దామెను డాక్టరమ్మ కూర్చోబెట్టి మాట్లాడింది. దాహమైనప్పుడల్లా నీళ్ళు, రోజూ పప్పూ ఆకుకూరా గుడ్డూ, ముందుకంటే ఒక పూట ఎక్కువ తిండి. నెల్లాళ్ళు కారప్పొడి మెతుకులతో ఉంచిన బాలింత రోజుకు ఎనిమిది సార్లు పాలు పిండలేదు. "నా పాలు" అని మనం తల్లి ఒక్కదాని లెక్కలో రాసేస్తాం గానీ, అవి ఆ ఇంటి మొత్తం చాకిరీతో వచ్చిన పాలు. పాలు రాలేదని ఒక తల్లిని అనేముందు, ఆమె నిద్రను ఎవరు కాశారో, ఆమె కంచంలో ఏం పడిందో అడగాలి.

అయిదో రోజున లోపలి నుంచి పిలుపొచ్చింది. "అమ్మా, బిడ్డను గుండెల మీద వేసుకుందువు రా."

కూతురు భయపడింది. అంత చిన్న ప్రాణం, ముక్కులో గొట్టం. తాకితే ఏమవుతుందో. బయటున్న అమ్మకూ అదే భయం. "బాక్సులోంచి తీస్తే సల్లబడదా సిస్టరమ్మా?"

ఈ భయానికి జవాబు కొలంబియా దేశపు రాజధాని బొగోటాలో 1978లో మొదలైంది. అక్కడి మాతా శిశు ఆసుపత్రిలో బిడ్డలు ఎక్కువ, ఇంక్యుబేటర్లు తక్కువ. ఒక పెట్టెలో ఇద్దరేసి ముగ్గురేసి. ఒకరి ఇన్‌ఫెక్షను ఇంకొకరికి. వారాల తరబడి బిడ్డను తాకనివ్వని తల్లుల్లో కొందరు ఆసుపత్రిలోనే బిడ్డను వదిలేసి వెళ్ళిపోయేవారు. ఎడ్గర్ రే సనాబ్రియా అనే వైద్యుడు ఆ వార్డును చూస్తూ కూర్చోలేకపోయాడు. పూర్తిగా ఎదగని పిల్లను కనే కంగారూ, దాన్ని ఒంటికి ఆనించుకునే పెంచుతుంది కదా. నిలకడగా ఉన్న బిడ్డలను పెట్టెలోంచి తీసి తల్లి రొమ్ముల మధ్య, చర్మానికి చర్మం తగిలేలా నిలువుగా పెట్టి గుడ్డతో కట్టమన్నాడు. తల్లిపాలే పట్టమన్నాడు. మరుసటి ఏడు హెక్టర్ మార్టినెజ్ తోడై దాన్ని ఒక పద్ధతిగా నిలబెట్టాడు. అదే కాలంలో, 1979లో, నర్సులు చాలక ఎస్టోనియా రాజధాని టాలిన్‌లో ఆడిక్ లెవిన్ అనే వైద్యుడు తల్లులనే వార్డులోకి తెచ్చి బిడ్డల పక్కన ఉంచాడు. ఒకరి సంగతి ఒకరికి తెలియని రెండు దేశాల్లో, లేమి రెండు చోట్లా వైద్యులను తల్లి దగ్గరికే నడిపించింది.

చాలాకాలం దీన్ని పేదదేశాల సర్దుబాటు వైద్యం అన్నారు. ఇంక్యుబేటరు లేనివాళ్ళు చేసుకునేదని. ఆ మాట ఢిల్లీలో పడిపోయింది. సఫ్దర్‌జంగ్ ఆసుపత్రిలో హరీశ్ చెల్లానీ, సుగంధ ఆర్య బృందం తల్లి మంచం కూడా లోపలే ఉండే నవజాత శిశు విభాగాన్ని నడిపింది. ఆ ఆసుపత్రితో పాటు ఘనా, మలావీ, నైజీరియా, టాంజానియా ఆసుపత్రుల్లో 2017 నుంచి 2020 దాకా ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆధ్వర్యంలో 3,211 మంది బిడ్డల మీద పరీక్ష జరిగింది. కిలో నుంచి 1,799 గ్రాముల బరువున్న బిడ్డలు. ఒక గుంపును పుట్టగానే తల్లి గుండె మీద వేశారు. రెండో గుంపు నిలకడ వచ్చేదాకా వార్మరు కింద ఉంది. 28 రోజుల్లోపు చనిపోయినవాళ్ళు మొదటి గుంపులో 12 శాతం, రెండో గుంపులో 15.7 శాతం. తేడా ఎంత స్పష్టంగా కనబడిందంటే, రెండో గుంపుకు దాన్ని దక్కకుండా ఉంచటం న్యాయం కాదని పరీక్షను మధ్యలోనే ఆపేశారు. తల్లి ఒంటి వెచ్చదనం బాక్సుకు లోటు తీర్చే వస్తువు కాదని, అదే మొదటి వైద్యమని 2021లో అచ్చయిన ఆ ఫలితం తేల్చింది. మరుసటి ఏడాది ప్రపంచ ఆరోగ్య సంస్థ అదే మాటను సలహాగా అన్ని దేశాలకూ ఇచ్చింది. రోజుకు 8 గంటల నుంచి 24 గంటల దాకా, ఎంత వీలైతే అంత.

ఇప్పటికీ మన దగ్గర తల్లి నవజాత శిశు విభాగం తలుపు బయట, చూపుల వేళ కోసం, చీర చెంగు నోట్లో కుక్కుకుని నిలబడి ఉండే చోట్లు ఉన్నాయి. ఆ తలుపు తెరవమని కేంద్ర ప్రభుత్వమే 2017లో మార్గదర్శకాలు ఇచ్చింది, తల్లిదండ్రులను లోపలికి రానిచ్చి, చేతులు కడిగించి, బిడ్డ పనులు నేర్పి వాళ్ళతోనే చేయించాలని. కాగితం మీద ఉన్నది ప్రతి వార్డుకూ రావాలి. రాలేదని తెలిసినప్పుడు అడగటం బంధువుల హక్కు.

కూతురు రవిక ముడి విప్పుకుని కుర్చీలో వాలింది. టోపీ, డయపరు తప్ప బట్టల్లేని బిడ్డను నర్సు ఆమె రొమ్ముల మధ్య కప్పలా పడుకోబెట్టి, మూట కట్టి తెచ్చిన నూలు చీరతో చుట్టేసింది. మెషీను మీద ఊపిరి లెక్క కాసేపు అటూ ఇటూ ఊగి కుదుటపడింది. గంట గడిచాక లేచి పాలు పిండితే గిన్నెలో అంతకుముందు ఎన్నడూ రానన్ని పాలు. బిడ్డ స్పర్శతో పాలు ఎక్కువ రావటం నర్సులందరూ చూసే సంగతే. మధ్యాహ్నం తండ్రి వంతు. చొక్కా విప్పి కూర్చోవటానికి సిగ్గుపడ్డాడు. అత్తగారు తల తిప్పుకుని, "సిగ్గేంది అబ్బాయ్, నీ బిడ్డేగా" అంది.

రెండో వారం మధ్యలో పాలు తగ్గాయి. నిద్రలేమి, దిగులు, కుట్ల నొప్పి. బిడ్డకు కావాల్సిన కొలత మాత్రం రోజురోజుకూ పెరుగుతోంది. ఇలాంటి రోజుల కోసమే పాలబ్యాంకులు పుట్టాయి. మొదటిది 1909లో వియన్నాలో. మన దేశంలో మొదటిది, ఆసియాకే మొదటిది అంటారు, 1989 నవంబరులో బొంబాయి సయన్ ఆసుపత్రిలో డాక్టర్ అర్మిడా ఫెర్నాండెజ్ పెట్టిన 'స్నేహ'. ధారావి ఆనుకుని ఉన్న ఆసుపత్రి అది. తెలుగునాట హైదరాబాదు నీలోఫర్ ఆసుపత్రిలో 2017లో 'ధాత్రి' పాలబ్యాంకు వచ్చింది. ఆ ఆసుపత్రి పుట్టుక కూడా ఒక కాన్పు దుఃఖంలోంచే. నిజాం కోడలు నీలోఫర్, తన దగ్గర పనిచేసే రఫత్ అనే అమ్మాయి సరైన వైద్యం అందక కాన్పులో చనిపోతే తట్టుకోలేక, ఇంకే రఫత్‌కూ అలా జరగకూడదని పట్టుబట్టి ఆసుపత్రి కట్టించింది. 1953లో తలుపులు తెరిచిన ఆ ఆసుపత్రికి పల్నాటి వైపు నుంచీ నల్గొండ వైపు నుంచీ రైళ్ళలో బిడ్డలను ఎత్తుకుని పోయిన కుటుంబాలు లెక్కలేనన్ని. నడికుడిలో ఆగే పల్నాడు ఎక్స్‌ప్రెస్ పొద్దున్నే బయల్దేరి హైదరాబాదు వైపే వెళుతుంది.

పాలబ్యాంకులో ఎవరి పాలు బడితే వాళ్ళ పాలు పోయరు. ఇచ్చే తల్లికి హెచ్ఐవీ, హెపటైటిస్ బి, సిఫిలిస్ పరీక్షలు చేస్తారు. పాలను 62.5 డిగ్రీల దగ్గర అరగంట వేడిచేసి, చల్లార్చి, సూక్ష్మజీవులు లేవని పరీక్షించి గడ్డకట్టిస్తారు. అంత వేడికి కొంత మేలు పోతుంది. అందుకే ఇది తల్లిపాల తర్వాతిదే, డబ్బాపాలకు ముందుది. కెనడాలో 2016లోనూ అమెరికాలో 2024లోనూ వెలువడిన పెద్ద పరీక్షల్లో, తల్లిపాలు చాలని బిడ్డలకు దాతల పాలు ఇస్తే పేగు కుళ్ళే జబ్బు బాగా తగ్గింది, మెదడు ఎదుగుదలలో మాత్రం డబ్బాపాలకూ వాటికీ తేడా కనబడలేదు. ప్రాణం కాపాడటానికి దాత పాలు చాలా గొప్పవి. కానీ పాలబ్యాంకు ఉంది కదా అని కన్నతల్లిని పాలు పిండించే పని మానేయకూడదన్న పాఠం ఆ అంకెల్లో ఉంది.

ఈ బిడ్డకు బ్యాంకు పాలు నాలుగు రోజులు చాలాయి. ఆ నాలుగు రోజులూ కూతురు నిద్రపోయింది, తిన్నది, బిడ్డను రోజంతా గుండె మీద మోసింది, లేచినప్పుడల్లా పిండింది. పాలు మళ్ళీ పెరిగాయి. అందరికీ ఇలాగే పెరుగుతాయని నేను చెప్పను. అన్నీ చేసినా చాలని తల్లులుంటారు. ఒక చెంచాడు ఇచ్చిన తల్లి కూడా ఇచ్చినట్టే. డాక్టరు చెబితే తక్కినది డబ్బాతో నింపటంలో తప్పూ లేదు, సిగ్గూ లేదు. తప్పు ఎక్కడంటే, ఒక్క చుక్క అయినా పిండకముందే డబ్బా చేతిలో పెట్టటంలో. పాలడబ్బాల ప్రచారాన్నీ ఆసుపత్రుల్లో వాటిని అంటగట్టటాన్నీ నిషేధిస్తూ మనకు 1992 నుంచే చట్టముంది.

34 వారాలు నిండే రోజుకు బిడ్డ గొట్టాన్ని నాలుకతో తోయటం మొదలుపెట్టింది. అమ్మమ్మ అప్పుడు ఇంటి నుంచి వెండి ఉగ్గుగిన్నె తెప్పించబోయింది. "అక్కర్లేదమ్మా, మా దగ్గరా ఉంది" అని నర్సు స్టీలు ఉగ్గుగిన్నె చూపించింది. సీసా పీక వద్దని చెప్పి, తలకాస్త ఎత్తి పట్టుకుని, గిన్నె ముక్కు అంచును కింది పెదవికి ఆనించి కొద్దికొద్దిగా. మన ముత్తవ్వల వస్తువు ఇప్పుడు శిశు విభాగాల్లో రోజూ వాడే పనిముట్టు. మరో వారానికి బిడ్డ రొమ్ము పట్టింది. నాలుగు గుక్కలు, విశ్రాంతి, మళ్ళీ మూడు. 30వ రోజు లోపల కళ్ళ డాక్టరు వచ్చి రెటీనా చూసిపోయారు. రెండు కిలోల లోపు పుట్టిన బిడ్డలందరికీ ఆ పరీక్ష చేయించి తీరాలి, నెల దాటితే చూపు నిలబెట్టే సమయం చేజారవచ్చు. మధ్యలో పాలలో కలిపే పొడి, ఐరన్ చుక్కలు, విటమిన్ డి. బరువు పెరిగింది. పంపేశారు.

నడికుడి ఇంట్లో ఇంకా రెండు నెలలు ఆ బిడ్డ ఎవరో ఒకరి గుండెల మీదే ఉంది. కల్లంలో మిరపకాయల ఘాటు ఇంట్లోకి రాకుండా ఆ వైపు కిటికీలు మూసేశారు. ఆశా కార్యకర్త చెప్పిన తేదీల ప్రకారం వచ్చి తూకం చూసింది.

తర్వాత గొడవ అన్నప్రాశన దగ్గర వచ్చింది. ఆడపిల్లకు బేసి నెల, అయిదో నెలలో చేద్దామని అమ్మమ్మ. డాక్టరమ్మ ఒప్పుకోలేదు. ఈ పిల్ల వయసును పుట్టినరోజు నుంచి కాదు, పుట్టాల్సిన రోజు నుంచి లెక్కపెట్టాలని చెప్పింది. తొమ్మిది వారాలు ముందొచ్చింది కాబట్టి రెండేళ్ళు వచ్చేదాకా ప్రతి లెక్కలోనూ రెండు నెలలు తీసేయాలి. మెడ నిలపటం, బోర్లా పడటం, కూర్చోవటం, మాటలు, అన్నీ ఆ లెక్కలోనే చూడాలి. లేకపోతే బాగా ఎదుగుతున్న పిల్లను పట్టుకుని వెనకబడిందని ఇల్లంతా బెంగపడుతుంది. గట్టి తిండి కూడా ఆ లెక్కలో ఆరు నెలలు నిండాకే.

అంగన్‌వాడీలో తూకం వేసే రోజు టీచరు కార్డు మీద నెలలు రాయబోతే కూతురు ఆపింది.

"అక్కా, దీనికి రెండు నెలలు తీసెయ్యండి. దీనికిప్పుడు అయిదు కాదు, మూడే."

టీచరు కార్డు తిప్పి చూసి, ఆసుపత్రి చీటీ అడిగి, పెన్సిలుతో పక్కన ఇంకో లెక్క రాసింది. ఇంటికొచ్చాక అమ్మమ్మ పంచాంగం ముందేసుకుని కూర్చుంది.

"అయిదొద్దన్నారు. ఏడులో చేస్తే?"

"ఏడంటే లోపల అయిదే కదమ్మా."

"ఎనిమిది సరి. ఆడపిల్లకు చెయ్యరు." వేళ్ళు మళ్ళీ లెక్కపెట్టింది. "తొమ్మిదో నెల పడ్డాక నీ డాక్టరమ్మ లెక్కలో ఎంతవుద్ది?"

"ఆరు నిండుతయ్."

"తొమ్మిది బేసేగా. మరింకేంది, మంచి రోజు చూడమని అయ్యవారికి ఫోను చెయ్."